తల వెనక ముఖం

అన్న ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో పుట్టినరోజు టోపీలు సర్దుతున్నాను. హన్మకొండ బజారులో మాది తోరణాలు, బెలూన్లు, జెండాలు అమ్మే చిన్న దుకాణం.

"చెల్లె, మీ కాడ మాస్కులున్నయా?"

కరోనా మళ్లీ వచ్చిందా ఏమిటని అడిగాను.

"ముక్కుకు పెట్టుకునేటియి కాదే. మనిషి మొఖం బొమ్మ ఉంటది సూడు, అవి. తల ఎనక కట్టుకోవాల్నట. పులి ఎప్పుడైనా ఎనకనుంచే మీద పడ్తదట. ఎనక గూడ మొఖం కనవడితే రాదట. ఫారెస్టు సారు చెప్పిండు."

"చెప్పినోళ్లే ఇయ్యాలె గద?"

"వచ్చినంక ఇస్తమన్నరు. అప్పటిదాంక పత్తి ఆగుతదా?"

అన్న వాళ్లది ములుగు దాటి, అడవికి ఆనుకుని ఉన్న ఊరు. నేను పుట్టిందీ అక్కడే. అంతకు కొన్ని రోజుల ముందు వాళ్ల పాలావును చేను గట్టు మీదే పులి కొట్టి చంపేసింది. అన్న ఆ పొద్దే ఫోన్ చేస్తే ఫారెస్టు వాళ్ల జీపు మర్నాడు కూడా రాలేదు, ఆ పై రోజు వచ్చింది. ఫొటోలు తీసుకున్నారు, అడుగుజాడ మీద టేపు పెట్టి కొలిచారు, సలహాలు చెప్పారు. పదింటి తర్వాతే చేలోకి పోవాలి, నాలుగింటికల్లా ఇల్లు చేరాలి, గుంపుగా తిరగాలి, తల వెనక మాస్కు కట్టుకోవాలి. అంతే, జీపు తిరిగిపోయింది.

అడవిలో చెట్టు చెట్టుకూ కెమెరాలు కట్టారు. పులి ఎటు తిరుగుతోందో వాళ్లకు తెలుసు. మా దిక్కు వచ్చినప్పుడు ఒక్క ఫోన్ కొట్టండి సారూ అని అన్న బతిమాలితే, అది బయటికి చెప్పకూడదన్నారు. చెప్తే మనవాళ్లు కరెంటు తీగలు పెడతారట. అడవి పందుల కోసం తీగలు పెట్టే తలమాసినవాళ్లు లేరని నేననను. వాళ్లను పట్టుకుని లోపల వేయండి, ఎవరు వద్దన్నారు? పులి ఎక్కడుందో చెప్తే పులికి ప్రమాదమట. చెప్పకపోతే మా వదినకు ప్రమాదమన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

చేను తెల్లగా విచ్చుకుని ఉంది. పైన మబ్బు పట్టి ఉంది. వాన పడిందా, పత్తి నల్లబడుతుంది, ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. పక్క ఊరి కూలీలు పులి భయంతో రామన్నారు. ఇక మిగిలింది వదిన, ఆమె పిలిస్తే కాదనలేని నలుగురైదుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు.

దుకాణమంతా వెతికాను. పిల్లల కోసం తెచ్చిన పులి ముఖాలున్నాయి కానీ, పులికి పులిని చూపించి ఏం లాభం? అటక మీద ఒక సంచి దొరికింది. ఎన్నికలప్పుడు పార్టీవాళ్లు ఒక పెద్ద నాయకుడి ముఖంతో అట్ట మాస్కులు చేయించుకుని, ప్రచారం అయిపోగానే తీసుకుపోవడం మరిచిపోయారు. దుమ్ము దులిపి ఒక కట్ట సంచిలో వేసుకుని ములుగు బస్సెక్కాను.

వదిన ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, ఆవు పోయాక మొదటిసారి నవ్వింది.

"ఓట్లప్పుడు ముంగట నిలబడి దండం పెట్టిండు. ఇప్పుడు ఎనకకొచ్చిండా మారాజు!"

మర్నాడు పదింటికి అందరం చేలోకి దిగాం. ఆడవాళ్లు పత్తి వేసుకోవడానికి నడుముకు ఒడి కట్టుకుని సాళ్లలో వరుసగా నిలబడ్డారు. వాళ్ల తలల వెనక ఆ నాయకుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాళ్లు పత్తి తీయడానికి వంగగానే ఆ ముఖాలన్నీ మబ్బుల వైపు తిరిగాయి. అడవిని చూసే ముఖం ఒక్కటీ లేదు. ఈ ఉపాయం చెప్పిన పెద్దమనిషి వంగి పత్తి ఏరే ఆడదాన్ని జీవితంలో ఎప్పుడైనా చూశాడా? అయినా ఎవరూ విప్పలేదు. ఏదో ఒకటి ఉందన్న ధైర్యం వాళ్లకు కావాలి.

రెండింటప్పుడు ఆ వరుసను ఎవరో ఫోన్‌లో ఫొటో తీశారు. అది ఎక్కడెక్కడికి పోయిందో తెలియదు. మూడు దాటాక జీపు వచ్చింది. ఆవు చచ్చినప్పుడు వచ్చిన అదే సారని వదిన చెప్పింది. పులి దగ్గర్లోకి వచ్చిందని చెప్పడానికి వచ్చాడేమోనని పరుగున ఎదురుపోయాను.

"ఎవరమ్మా ఈ మాస్కులు తెచ్చింది?"

"నేనే సార్. మీరే కట్టుకోమన్నరట గద."

"ఆయన మొహమే దొరికిందా మీకు? పైనుంచి ఒకటే ఫోన్లు. నా ఉద్యోగం పోయేట్టుంది. ముందు తీసేయండి."

తనే సాళ్లలోకి దిగి ఒక్కొక్కరి దగ్గరా అడిగి తీసుకున్నాడు. ఆ చేలోకి అంత లోపలిదాకా ఆయన రావడం అదే మొదలు. నాకు కళ్లు ఎర్రబడ్డాయి. "ఆవు సచ్చిందంటే రెండు రోజులకొస్తిరి. అట్ట బొమ్మకు ఒక్క గంటల వస్తిరి. ఎవల కోసం చేస్తాన్రు సారు మీరు కొలువు?" అని అరిచాను. ఆయన తర్వాతి మాస్కు కోసం చేయి చాచాడు.

వదిన అందరికన్నా చివర తన మాస్కు విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆమె అరవలేదు.

"తీస్కపో సారు. మరి నా ఎనక ఎవలు నిలబడ్తరు? నువ్వు నిలబడ్తవా? గీ సాళ్లు అయిందాంక."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "నాలుగవుతోందమ్మా. మీరు కూడా వెళ్లిపోండి. ఈ టైంలో ఇక్కడ ఉండడం సేఫ్ కాదు." జీపు నాయకుడి ముఖాలను భద్రంగా ఎక్కించుకుని పోయింది.

మిగతా ఆడవాళ్లు మూటలు కట్టుకుని ఇంటి దారి పట్టారు. వాళ్లను తప్పు పట్టను. ఏరిన పత్తి తడవకుండా అన్న దాన్ని ఆటోలో వేసుకుని అప్పటికే ఊళ్లోకి పోయాడు. అడవి పక్క సాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. గాలిలో వాన వాసన తెలుస్తోంది. పోదాం పా వదినె అన్నాను. ఆమె ఒడి బిగించి మళ్లీ వంగింది.

ఏం చేయను? వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను, ముఖం అడవి వైపు పెట్టి. నా ముఖంతో ఎవరి పరువూ పోదు. ఆమె ఒక అడుగు జరిగితే నేనూ వెనక్కి ఒక అడుగు జరిగాను. ఆకు కదిలినా పులే అనుకున్నాను. పులి మీద నాకు కోపం లేదు, దాని ఆకలి దానిది. కానీ ఆ భయంలో కూడా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఇంత పెద్ద సర్కారు ఉండి, ఒక ఆడమనిషి వెనక నిలబడడానికి బజారులో బెలూన్లు అమ్ముకునే నేను తప్ప ఎవరూ లేకపోయారు.

పత్తి తెంపుతున్న చప్పుడు నా వీపు వెనక వినిపిస్తోంది. సాలు చివరికి వచ్చాక వదిన తల తిప్పకుండానే అడిగింది.

"రేపు గూడ ఉంటవా పిల్ల?"

తెల్లారితే నేను దుకాణం తెరవాలి. అడవి మీదినుంచి చూపు తిప్పకుండా అలాగే నిలబడ్డాను. ఆమె తర్వాతి సాలు పట్టింది. నేనూ ఆమె వెనకే జరిగాను.