ఇంజన్ ఆపే చోటు

పదేళ్ళుగా ప్రతి చలికాలం మెట్టుగూడ నుంచి నేనూ, యాప్రాల్ నుంచి నా స్నేహితుడూ సికింద్రాబాద్ స్టేషన్‌లో కలుసుకుని కాకినాడ రైలెక్కేవాళ్ళం. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక తిన్నె మీద అరుదైన స్కిమ్మర్లు వాలతాయి. కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగిరే పక్షులవి. ఆ చోటు అతనికి చూపించింది నేనే. నాదొకటే షరతు. తిన్నె చాలా దూరంలో ఉండగానే పడవ ఇంజన్ ఆపించాలి, అక్కణ్ణుంచి గెడ వేసుకుంటూ వెళ్ళాలి, ఒక్క పక్షి తలెత్తినా ఆగిపోవాలి.

"గింత దూరం నుంచి ఫోటో ఏమొస్తదన్నా?" అని, మా ఇంటి పులిహోర తింటూనే ప్రతిసారీ సణిగేవాడు.

ఈ ఏడు ఫోన్ చేసి, "అవి రాలేదంటన్నా. ఊకె పోయి పరేషాన్ అయితం" అన్నాడు. నమ్మాను. టికెట్ రద్దు చేసుకున్నాను.

వారం తిరక్కుండా మా పక్షుల గ్రూపులో అతని ఫోటో వచ్చింది. ఆకాశం నిండా స్కిమ్మర్లు. అందరూ ఆహా ఓహో అన్నారు. నాకు మాత్రం కింద ఖాళీ తిన్నె కనిపించింది. పడవను నేరుగా వాటి మీదికి తోలితే తప్ప అవన్నీ ఒక్కసారిగా లేవవు.

ఒళ్ళు మండి పడవాయనకు ఫోన్ చేశాను. "ఇంజన్ ఎందుకు ఆపలేదయ్యా?" అని అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "అదేంటండీ! మీకు ఒంట్లో బాలేదనీ, ఈసారికి దగ్గరికి పోనిచ్చేయమని మీరే చెప్పి పంపారనీ మీ ఫ్రెండుగారే అన్నారు కదండీ!"