కృపామణి పదో తరగతి

చిలకలూరిపేట శివారు కాలనీలోని ఎయిడెడ్ హైస్కూల్లో గంట కొట్టేది కృపామణి. ఇరవై రెండేళ్లుగా అక్కడ అటెండరు. గొంతు పెద్దది, చెయ్యి బరువు. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద ఆమె ఒక్క దెబ్బ వేసిందంటే కాలనీలో ఆడవాళ్లు పొయ్యి మీద కూర దించేస్తారు.

పొద్దున్నే ప్రైవేటు బడుల బస్సులొచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంటే, ఈ బడికి ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. అందుకని ప్రతి జూన్‌లో హెడ్మాస్టరు నాగభూషణరావు కృపామణిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆయన గుమ్మంలో నిలబడి విద్య గొప్పతనం చెబుతుంటారు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి పీట వాల్చుకుంటుంది.

ఆ ఏడు అమీనా బీ ఇంటికి వెళ్లారు. అమీనా బీ కూతురు ఫరా ఏడు పాసై, తల్లితోపాటు మిరపకాయల తొడాలు తీస్తోంది.

"పిల్లని ఎనిమిదిలో చేర్చవే. పదన్నా పాస్ కానీ," అంది కృపామణి.

అమీనా బీ తలెత్తకుండా అడిగింది. "నువ్వు పాసయినావా అక్కా?"

హెడ్మాస్టరు ఫ్యాను వంక చూడసాగారు. కృపామణి చిన్నప్పుడు పదిలో లెక్కలు తప్పి చదువు మానేసిన సంగతి ఆయనకు తెలుసు.

"ఈ ఏడు అవుతా. నువ్వు పిల్లని పంపు," అనేసింది కృపామణి.

ఫరా బడిలో చేరింది. కృపామణి ఓపెన్ స్కూలు ఫారం నింపి పదికి ఫీజు కట్టింది. ఏదో మాటవరసకు అన్నాను, అమీనా బీ మర్చిపోతుందిలే అనుకుంది కానీ, అమీనా బీ కూతుర్నే కాపలా పెట్టింది. ఇంటర్వెల్ రాగానే ఫరా వరండాలో ప్రత్యక్షం.

"పెద్దమ్మా, నిన్నటి లెక్కలు చేశావా? మా అమ్మ అడగమంది."

"తలనొప్పే."

"మొన్న కూడా తలనొప్పే అన్నావు."

ఇరవై రెండేళ్లలో ఆలస్యంగా వచ్చిన పిల్లలు చెప్పిన ఏ సాకునూ కృపామణి నమ్మలేదు. ఇప్పుడు తన సాకు ఎవరూ నమ్మకపోతే మాత్రం చానా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎక్కాలు మళ్లీ మొదలుపెట్టింది.

పరీక్షా కేంద్రం సొంత బడే పడింది. ఆమె సెలవు పెట్టి కొత్త చీర కట్టుకుని పరీక్ష రాసింది. గంట బాధ్యత వాచ్‌మన్ శౌరి మీద పడింది. ఒక్కొక్క అరగంటకూ ఒక్క దెబ్బ, చివర మాత్రం గణగణ కొట్టాలని కృపామణి అతనికి నాలుగుసార్లు చెప్పింది.

లెక్కల పరీక్ష రోజు, ఇంకా అరగంట ఉండగానే శౌరి గణగణ వాయించేశాడు. అందరూ లేచారు. వేరే బడి నుంచి వచ్చిన ఇన్విజిలేటరు మేడం కాగితాలు తీసుకోబోయింది.

కృపామణి లేచి బడి మొత్తానికీ వినబడేలా అరిచింది. "కూర్చోండి ఎక్కడోళ్లు అక్కడ. ఎవురూ కాగితాలు ఇయ్యమాకండి. ఒరేయ్ శౌరీ, అది ఒంటి దెబ్బరా."

గదిలో అందరూ కూర్చున్నారు. పక్క గదుల్లోనూ కూర్చున్నారు. పొరపాటున మేడం కూడా కూర్చుంది. తర్వాత తేరుకుని గడియారం చూసుకుంది.

"టైముందమ్మా, నిజమే. కానీ మీరు మాట్లాడకూడదు."

"ఇంక మాట్లాడనండి," అని కృపామణి మిగిలిన రెండు లెక్కలు చేసింది. ఒకటి సరిగ్గా వచ్చింది.

ఆ ఒక్కదానితోనే గట్టెక్కింది, లెక్కల్లో ముప్పై ఏడు. హెడ్మాస్టరు స్టాఫ్ రూములో లడ్డూలు పంచారు. శౌరి ఎవరూ అడగకుండానే రెండు తీసుకున్నాడు.

సాయంత్రం అమీనా బీ బడికొచ్చి మార్కుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు గనక ఫరా చేత ప్రతి అంకెనూ చదివించుకుంది.

"మా చెల్లెలు కూడా పదిలోనే ఆగిపోయింది అక్కా. ఆ ఫారం ఏందో దానికీ ఒకటి ఇయ్యి," అంది.

"ఇస్తా. దాన్నే రమ్మను," అంది కృపామణి. "తలనొప్పులేమన్నా ఉంటే ఇంటికాడే పెట్టి రమ్మని చెప్పు."