ఎవరి ఒళ్ళు వాళ్ళకే

డెబోరా తన మొగుడి ఫ్లెక్సీ ఇసుకలో పరిచి దాని మీద నెత్తళ్ళు ఆరబోసిందన్న కబురు, ఆ నెత్తళ్ళు ఎండేలోపే సంఘ పెద్ద జీవానందం గారి చెవిన పడింది. ఆయన రిటైరైన బడిపంతులు. బోగోలుకి తూర్పున సముద్రానికి ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో ఏ క్రైస్తవుడు పోయినా జ్ఞాపకార్థ కూడిక ఆయన చేతి మీదుగానే జరగాలి. కుర్చీలు, మైకు, పలావు, చివరికి ఫ్లెక్సీ కూడా. గొడుగు వేసుకుని ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, పోయినవాడి ముఖం మీద చేపలేమిటమ్మా అని అడిగాడు.

డెబోరా చేపలు తిరగేయడం ఆపలేదు.

"ముఖం ఏదయ్యా దీంట్లో? చూడండి."

ముఖం ఉండాల్సిన చోట గుండ్రంగా కంత ఉంది. కంతలోంచి ఇసుక కనిపిస్తోంది. ముఖాన్ని ఆమె ఎప్పుడో కత్తిరించి పెట్టెలో దాచుకుంది. మిగిలింది నీలం కోటు, ఎర్ర టై, ముడుచుకున్న రెండు చేతులు.

"ఈ కోటాయన ఎవురో నాకు తెలీదు. తెలియని మనిషి మీద చేపలు పోసుకుంటే తప్పేముంది?"

జీవానందం గారు ఒక బైబిలు వాక్యం వల్లించి వెళ్ళిపోయాడు. ఆయనకి జవాబు దొరకనప్పుడల్లా వాక్యం దొరుకుతుంది.

ఆ కోటు సంగతి చెప్పాలి. ఈ ఒడ్డున మనుషులు బతికుండగా పనిగట్టుకుని ఫొటో దిగరు. దిగినా ఆధార్ కార్డుకో రేషన్ కార్డుకో దిగుతారు. పోయాక కార్డు పట్టుకుని కావలిలో సుశీల్ కుమార్ స్టూడియోకి పరిగెత్తుతారు. సుశీల్ కంప్యూటర్‌లో తయారుగా ఒళ్ళు ఉంటాయి: మగవాళ్ళకి నీలం కోటు, ఆడవాళ్ళకి తెల్ల పట్టుచీర. కార్డులో ముఖాన్ని కోసి ఆ ఒంటికి అంటిస్తాడు. వెనక ఒక జలపాతం, పైన ఒక పావురం. మర్యాదగా ఉంటుంది అంటారు. మర్యాద అనే మాటని మనం ఎక్కువగా వాడేది ఎదుటివాడి బతుకుని కప్పెట్టాల్సి వచ్చినప్పుడే.

డెబోరా మొగుడు టైటస్ బతుకు కప్పెట్టాల్సింది కాదు. వలలు బాగుచేసేవాడు. లుంగీ, తలకి తువ్వాలు, వల కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని రోజంతా ఇసుకలో కూర్చునేవాడు. ఎప్పుడో పడవ తాడు బిగుసుకుని ఎడమ చిటికెన వేలు సగం పోయింది. పోయిన ఏడాది గుండె నొప్పితో ఒక పూటలో పోయాడు. అతని ఫొటోలు డెబోరా ఫోనులో ఓ యాభై దాకా ఉండేవి. అతను పోవడానికి నెల ముందు ఆ ఫోను చేపలు ఊరబెట్టే ఉప్పునీళ్ళ తొట్టిలో పడింది. ఎక్కడ బాగుచేయించినా తెరుచుకోలేదు. అందుకే ఆధార్ కార్డు, అందుకే కోటు. కోటాయన చిటికెన వేలు నిండుగా ఉంది, దానికో ఉంగరం కూడా. అంతకు మూడు నెలల ముందు ఊళ్ళో ఆదెయ్య చనిపోతే అతని ఫ్లెక్సీకి వేసింది కూడా ఇదే ఉంగరం.

కూడిక రోజున టైటస్ తల్లి ఎస్తేరమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎనభై దాటిన మనిషి, చూపు మసక. ఆమె ఫ్లెక్సీ దగ్గరికి పోయి, చేత్తో తడిమి, కోడలి వైపు తిరిగింది.

"ఎవురబ్బా ఈ ఆఫీసరు?"

పాట ఆగిపోయింది. కన్నతల్లి కొడుకుని గుర్తుపట్టలేకపోయింది. చూపు మసక గదా, పెద్దామె గదా అని అందరూ సర్ది చెప్పుకున్నారు. తప్పు ఆమె కళ్ళది కాదని డెబోరాకి తెలుసు. ఆ రోజు ఇంటికొచ్చాక ఎస్తేరమ్మ కోడల్ని దగ్గరికి పిలిచి ఒకే ఒక మాట అడిగింది.

"నాకు మాత్రం ఎవురిదో ఒళ్ళు అంటించబాకు, డెబోరా."

డెబోరా మాటిచ్చింది. ఇచ్చాక ఆలోచించింది. ఎస్తేరమ్మకి ఉన్నది కూడా ఆధార్ కార్డే. అందులో ఆమె ఎవరో కొట్టబోతే బిత్తరపోయినట్టుంటుంది. అత్త పోయేలోపు అత్తని అత్తలాగా పట్టుకోవాలి. దానికి కెమెరా కావాలి.

కావలిలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే ఫేబీ, డెబోరా చెల్లెలి కూతురు, ఈ మాట విని నవ్వింది. ఈ కాలంలో కెమెరా ఎవరు కొంటారు పెద్దమ్మా అంది. కొత్త ఫోను ఒకటి పట్టుకుని సుశీల్ స్టూడియోకే వచ్చింది, అక్కడైతే రెండూ పోల్చి చూసుకోవచ్చని. యాభై మెగాపిక్సెల్ అంది. రాత్రిని పగలు చేస్తుంది అంది. మొహం మీద మచ్చలు కూడా తీసేస్తుంది అంది. ఆ చివరి మాటతో ఫోను సగం ఓడిపోయిందని ఫేబీకి తెలియదు.

డెబోరా సంచిలోంచి చిన్న సీసా తీసింది. అందులో తొట్టిలోని ఉప్పునీళ్ళు. స్టూడియో బల్ల మీదే వేళ్ళు తడుపుకుని ఫోను మీద నొక్కింది. వేలొకచోట పెడితే అది ఇంకొకచోట తెరుచుకుంది. ఇంకోసారి నొక్కితే ఎవరికో ఫోను పోయింది. తుడుచుకుని నొక్కాలి పెద్దమ్మా అని ఫేబీ చెప్పింది. నెత్తళ్ళు తిరగేసే చేతిని రోజుకి ఎన్నిసార్లు తుడవాలి? తుడుచుకునేలోపు నవ్వుతున్న మనిషి మూతి ముడుస్తుంది.

తర్వాత దాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తీసుకుపోయింది. తెర మీద ఆమెకి ఆమె మొహమే కనిపించింది. ఒడ్డు మీద నీడ ఎక్కడుంది, ఇది చూసుకోడానికి?

సుశీల్‌కి తమాషాగా ఉంది. ఇన్నేళ్ళలో సీసాలో ఉప్పునీళ్ళు తెచ్చుకున్న బేరం అతనికి తగల్లేదు. పెళ్ళిళ్ళకి వాడే పెద్ద కెమెరా చూపించాడు. అది చూస్తే జనం అటెన్షన్‌లో నిలబడతారు, నాకొద్దు అంది. కొత్త రకం చిన్న కెమెరా ఒకటి తీశాడు, నున్నగా, నల్లగా. దానికి కన్ను పెట్టి చూసే కిటికీ లేదు. బ్యాటరీ అయిపోతే దాని వైరు దానికే కావాలి. ఒడ్డున కరెంటు ప్లగ్గు సముద్రంలో ఉంటుందా అని అడిగింది.

"నీకేం కావాలో నువ్వే చెప్పక్కా, వెతుకుతా."

ఆమె చెప్పింది. తడి చేత్తో నొక్కితే నొక్కాలి. ఎండలో కన్ను పెట్టి చూడాలి. నడుం దగ్గర దోపుకుంటే పట్టాలి. ఫొటోలుండే చిప్పు బయటికి రావాలి, తొట్టిలో పడ్డా ఆ చిప్పు నా చేతికి రావాలి.

సుశీల్ తలగోక్కుని అద్దాల బీరువా అడుగు అరలోంచి ఒక పాత కెమెరా తీశాడు. వెండి రంగు, అంచులు గీసుకుపోయి ఉన్నాయి. సబ్బు బిళ్ళకన్నా కాస్త పెద్దది. పైన చిన్న కిటికీ. గోడ గడియారంలో వేసే సెల్లు రెండేస్తే చాలు. ఆ సెల్లు ఊళ్ళో కామాక్షయ్య కొట్లో ఎప్పుడూ ఉంటాయి.

"ఇది తుక్కక్కా. పది మెగాపిక్సెల్. మా పిల్లలు ఆడుకుంటారని పెట్టినా."

"దీంతో తీసింది ఫ్లెక్సీ వేయొచ్చా?"

సుశీల్ నిజం చెప్పేశాడు. "వేయొచ్చక్కా. ఆధార్ కార్డుతోనే లాగుతా ఉన్నాం గదా."

డెబోరా వేళ్ళు తడుపుకుని మీట నొక్కింది. ఒకటి, రెండు అనుకునేలోపు లెన్సు ముక్కులాగా బయటికొచ్చింది. బొత్తాం నొక్కితే టక్కుమంది. చిప్పు లాగి చూసింది, మళ్ళీ తోసింది. వారంలో తిరిగొస్తావులే అని సుశీల్ ఎగతాళి చేస్తే, రానీ, అప్పుడు నవ్వుదువు అని సంచిలో వేసుకుంది. ఫేబీ ఫోను డబ్బాలో పెట్టుకుంటూ, మా పెద్దమ్మ గెలిచిందో ఓడిందో తెలీట్లేదు అంది.

నిజానికి మొదటి వారం ఓడింది. కెమెరా కనపడగానే ఒడ్డు మీద పనిచేసే ఆడవాళ్ళందరూ మనుషులు కాకుండా పోయారు. సామ్రాజ్యం, రోజూ డెబోరా పక్కనే చేపలు ఏరేది, ఇంటికి పరిగెత్తి పౌడరు రాసుకుని, బైబిలు చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసింది. సాక్షాత్తూ ఆ పట్టుచీర ఒళ్ళే, కోసి అంటించే పని మాత్రమే తక్కువ. కోటు తొడిగేది సుశీల్ ఒక్కడే కాదని డెబోరాకి అప్పుడర్థమైంది. బతికున్నవాళ్ళు కూడా ఎవరికి వాళ్ళే తొడుక్కుంటారు.

అందుకని ఆమె రోజూ తీసింది. అడగకుండా, చెప్పకుండా, పనిలో పనిగా. బుట్ట దించుతూ ఒకటి, మంచినీళ్ళు తాగుతూ ఒకటి. వద్దంటే ఆపింది, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేను రోజులకి అందరికీ విసుగు పుట్టింది. విసుగు పుట్టాక బొమ్మల్లో మనుషులు కనపడ్డారు. సామ్రాజ్యం పైట నోట్లో కుక్కుకుని నవ్వుతూ. సామ్రాజ్యం బుట్ట మీద బుట్ట పెడుతూ, మోచేతి దాకా పొలుసు.

కెమెరా నడుం దగ్గర ఉండటానికి ఎస్తేరమ్మ తన పాత వక్కాకు సంచి ఇచ్చింది. లోపల మూడు అరలు, పైన లాగి కట్టే తాడు. వక్కాకు నమలడం సంఘానికి కిట్టదు. జీవానందం గారు యాభైసార్లు చెప్పాడు. ఆకు చేసింది దేవుడే, వక్క చేసింది దేవుడే, సున్నం నేను కలిపినా, దానికి నేనే లెక్కచెప్పుకుంటా అని ఎస్తేరమ్మ యాభైసార్లూ అదే జవాబిచ్చింది.

డెబోరా కెమెరాని ఇసుక తగలకుండా దాచింది, ఉప్పు తగలకుండా దాచింది, నెత్తళ్ళ నీచు తగలకుండా దాచింది. అత్త సంచి కుట్లలో నలభై ఏళ్ళుగా ఎండిన సున్నం ఉందని మాత్రం ఆమెకి తట్టలేదు. ఇరవయ్యో రోజున కెమెరా ముక్కు సగం బయటికొచ్చి, కీచుమని, అక్కడే నిలిచిపోయింది.

ఆ పూటే ఎస్తేరమ్మకి జ్వరం తగిలింది. డెబోరా పని సామ్రాజ్యానికి అప్పగించి కావలి బస్సెక్కింది. దారంతా ఆమెకి ఒకటే లెక్క, అత్తది మంచి ఫొటో ఒక్కటి కూడా ఇంకా తీయలేదని. అందరికన్నా ముందు ఎస్తేరమ్మే కెమెరా వాసన పట్టి బిగుసుకుపోయేది.

సుశీల్ బ్రష్షుతో, ఊదే బుడ్డితో గంటసేపు కూర్చున్నాడు. సున్నం ఎలా వచ్చిందో విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ముక్కు కదిలాక, పనిచేస్తుందో లేదో చూడటానికి చిప్పులోని బొమ్మలు ఒక్కొక్కటే తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ నవ్వడం మానేశాడు.

"వీళ్ళ పోయిన మొగుళ్ళందరికీ కోటు తొడిగింది నేనే గదక్కా," అన్నాడు. బాగుచేసినందుకు ఏమీ తీసుకోలేదు.

నాలుగు రోజులకి జ్వరం తగ్గింది. ఇంట్లో పడుకోమంటే వినకుండా ఎస్తేరమ్మ కర్ర పట్టుకుని ఒడ్డుకొచ్చి, ఎప్పటిలా కాకుల్ని తోలడానికి కూర్చుంది. ఒక ముసలి కాకి ఆమె కళ్ళముందే నెత్తళ్ళు ఎత్తుకుపోయి, పక్కనే పడవ అంచు మీద కూర్చుని తింది. ఎస్తేరమ్మ దాని వంశాన్నంతా తిట్టింది. తిడుతూ తిడుతూ, ఆ తిట్టుకి తనకే నవ్వొచ్చి, తల వెనక్కి వాల్చి నవ్వింది. నోరంతా ఎరుపు. మిగిలిన మూడు పళ్ళూ ఎరుపే. ఒక చేతిలో కర్ర, మోకాలి మీద చీర చిరుగు. డెబోరా తడి చెయ్యి తుడుచుకోలేదు. టక్కుమంది.

ఆ సాయంత్రం బొమ్మ చూపిస్తే ఎస్తేరమ్మ కెమెరాని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసింది. చచ్చినాక నా మాట ఎవరు వింటారు, ఇప్పుడే ఫ్లెక్సీ కొట్టించు అంది. డెబోరా కొట్టించింది. జలపాతం లేదు, పావురం లేదు, కాకి ఉంది. కింద పేరు, దాని కింద "ప్రభునందు నిద్రించిన తేదీ" అని రాయించి పక్కన ఖాళీ వదిలేసింది. చుట్టి పెడితే ఫ్లెక్సీ పగులుతుందని సుశీల్ చెప్పడంతో, తెచ్చిన రోజే నాలుగు గుంజలు పాతి, ఎస్తేరమ్మ కూర్చునే చోట ఎండకి అడ్డంగా కట్టేసింది.

మర్నాడు గొడుగు వచ్చింది, గొడుగు కింద జీవానందం గారు. బతికున్న మనిషికి ఫ్లెక్సీ ఏమిటి, అరిష్టం అనబోయి, అది క్రైస్తవుడు అనకూడని మాట అని గుర్తొచ్చి, బయటివాళ్ళ ముందు మన సాక్ష్యం చెడుతుందమ్మా అన్నాడు. నోరు ఎర్రగా ఉందన్నాడు. సుశీల్‌తో చెప్పి పళ్ళు తెల్లగా చేయిస్తానన్నాడు, పట్టుచీర ఖర్చు సంఘమే పెట్టుకుంటుందన్నాడు.

"అబ్బయ్యా," అంది ఎస్తేరమ్మ కిందనుంచి, "ఆ బొమ్మలో ఎవురుండారు?"

జీవానందం గారు అబద్ధమాడే మనిషి కాదు. "నువ్వే, పెద్దమ్మా."

"నీకు తెలిసింది గదా. దేవుడికి ఇంకా బాగా తెలుస్తాది. కాస్త జరుగు, నీ గొడుగు నీడ నెత్తళ్ళ మీద పడతా ఉంది."

ఆయన జరిగాడు. జరుగుతూ కాలు ఇసుకలో దిగబడి, గొడుగు వెనక్కి తిరగబడి, పంచె ఒక చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. డెబోరా చెయ్యి అప్పటికే నడుం దగ్గరికి పోయింది.

టక్కుమన్న చప్పుడు విని ఆయన గబగబా చొక్కా పైగుండీ పెట్టుకోబోయాడు.

"ఉండనీయండయ్యా," అంది డెబోరా. "తమరిది కూడా ఒకటి ఉండాల గదా."