ఆటలమ్మ ఎన్నాళ్ళుంటుంది

మా ఆయనకు ముప్పై ఆరేళ్ళప్పుడు ఆటలమ్మ పోసింది. బడికెళ్ళే వయసులో రావాల్సింది, తీరిగ్గా నా ప్రాజెక్టు రిలీజ్ వారం చూసుకుని వచ్చింది. వీపు మీద నాలుగు పొక్కులు కనిపిస్తే దోమలన్నాను. మర్నాటికి ముఖమంతా వచ్చేసరికి గచ్చిబౌలిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే చికెన్‌పాక్స్ అని తేల్చేశాడు.

"ఎన్నాళ్ళుంటుందండీ?" అని అడిగాను. మా ఉద్యోగాల్లో ఏ పని వచ్చినా మొదట అడిగేది అదే.

"పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. పెద్దవాళ్ళు కదా, పది రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా గది దాటకూడదు. ఎవరికైనా అంటుకుంటే బయటపడటానికి మూడు వారాల దాకా పడుతుంది. ఇంట్లో గర్భిణులెవరూ లేరు కదా? వాళ్ళకి ప్రమాదం."

లేరన్నాను. నాకు చిన్నప్పుడే పోసిందని చెబితే, ఇక నాకు భయం లేదన్నాడు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రావడం అరుదు, వాళ్ళు ఇంకొకరికి మోసుకెళ్ళడమూ ఉండదు అన్నాడు. నాకు సంబంధించినంత వరకు విని, మిగతాది గాలికొదిలేశాను.

ఇంటికొచ్చి లిఫ్టు ఎక్కాక గుర్తొచ్చింది. మాకు వంట చేసే అక్క కూతురు తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఉంది. తొమ్మిదో నెల. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులోనే వాళ్ళ రెండు గదుల ఇల్లు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున ఆమె అక్కడి నుంచే మా ఇంటికి వస్తుంది.

మర్నాడు వస్తూనే అడిగింది. "సార్‌కేమైంది మేడమ్?"

"వైరల్ ఫీవర్ అక్కా. నువ్వా గదిలోకి వెళ్ళకు."

అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆటలమ్మా వైరసే మరి. మా ఆఫీసుల్లో వైరల్ అంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. నిజం చెబితే ఆమె రావడం మానేస్తుంది. మానేస్తే తొమ్మిదింటికి మొదలయ్యే మీటింగుల మధ్య పత్యం వంట నా నెత్తిన పడుతుంది. ఇంతకు మించి గొప్ప కారణమేదైనా ఉందేమోనని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆ సాయంత్రం అనంతపురం నుంచి అత్తగారి ఫోన్. "అమ్మ ఇంట్లో ఉన్నన్ని దినాలు తిరగవాత పెట్టొద్దు. ఆ ఘాటు అమ్మకు పడదు. వాని పక్క కింద యాపాకు పరుచు. మూడు నీళ్ళు పోసినాంకనే మళ్ళీ తిరగవాత." నాకు అంత నమ్మకం లేకపోయినా, అత్తగారి మాట కాదనడం మా ఇంటా వంటా లేదు. రోడ్డు పక్క చెట్టు నుంచి వేపాకు కోసి, ఎవరూ చూడకుండా లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని తెచ్చాను. అక్కతో మాత్రం, సార్‌కు ఘాటు పడటం లేదు, పప్పులో తాలింపు వద్దని చెప్పాను.

"పోపు వద్దా?" అని నా ముఖంలోకి చూసింది. "సరే మేడమ్" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పూ చప్పనే, చారూ చప్పనే. నేను చెప్పకుండానే ఆమె రోజూ రాగిజావ కాచి, మజ్జిగ చిలికి గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేది. ఎంత మంచి మనిషి అనుకున్నాను. నా తెలివి అక్కడికే ఆగిపోయింది.

మా ఆయనకు జ్వరం నాలుగు రోజులుంది. దురద ఇంకో నాలుగు రోజులు ప్రాణం తీసింది. బాత్రూంలో అద్దానికి తువ్వాలు కప్పేశాడు. తొమ్మిదో రోజుకు చెక్కులు కట్టాయి. పదకొండో రోజు పసుపూ వేపాకూ వేసి మరిగించిన నీళ్ళతో మొదటి స్నానం, అత్తగారి లెక్కలో మొదటి నీళ్ళు. పన్నెండో రోజు మీటింగులో కెమెరా ఆన్ చేసి, వైరల్ తగ్గిపోయిందని అందరికీ చెప్పాడు.

ఆయనకు తగ్గింది. నాకు అప్పుడు పట్టుకుంది. డాక్టరు చెప్పిన మూడు వారాలు గుండెల మీద కూర్చున్నాయి. పొద్దున అక్క తలుపు తీసుకుని రాగానే మెడ చూసేదాన్ని, చేతులు చూసేదాన్ని. ఒళ్ళు వెచ్చగా ఉందా అక్కా అంటే, "నాకేంది మేడమ్, మంచిగనే ఉన్న" అనేది. చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మొదటి రోజు చెప్పడం ఒక మాటతో అయిపోయేది. ఇప్పుడు చెప్పాలంటే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావన్న దానికీ జవాబు చెప్పాలి.

పద్నాలుగో రోజు ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. కూతురికి సర్కారు దవాఖానలో కాన్పయిందని, ఆడపిల్లని చెప్పి ఫోన్లో ఫొటో చూపించింది. ఎవరి ఒడిలోనో కళ్ళు మూసుకుని ఉన్న ఎర్రటి పసిగుడ్డు.

"పిల్ల ఒంటి మీద ఏమీ లేదు కదా?" అన్నాను. మనవరాలు పుట్టిందంటే ఎవరైనా అడిగే మాటేనా అది!

"ఏముంటది మేడమ్? మంచిగుంది."

"ఎత్తుకున్నదెవరు?"

"మా చెల్లె."

పదిహేడో రోజు మూడో నీళ్ళు కూడా అయ్యాయి. వంటింట్లోకి వెళ్ళి, "అక్కా, ఇవాళ పప్పులో పోపు వెయ్యి" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఇగ తల్లి సల్లవడ్డదా మేడమ్?"

"నీకెలా తెలుసు?" అన్నాను.

"పోపు వద్దన్ననాడే ఎర్కైంది మేడమ్. పోపు వద్దనేటి జరం ఇంకేముంటది?"

"మరి తెలిసీ ఎందుకొచ్చావక్కా? ఇంట్లో నిండు నెలల కూతుర్ని పెట్టుకుని?"

"తల్లొచ్చిన ఇల్లు నడిమిట్ల ఇడ్సిపెట్టి ఎట్ల పోత? ఇంత జావ కాసేటోళ్ళు గావాలె గద. గందుకే నేను ఇంటికి పోలే. లింగంపల్లిల మా చెల్లె ఇంట్ల ఉన్న. చెల్లెను బిడ్డ కాడికి తోలిన."

"కాన్పప్పుడు?"

"దవాఖాన గేటు బయట నిలవడ్డ. పిల్లను ఫోన్లనే చూసిన. ఇయ్యాల పోయి ఎత్తుకుంట."

కోపంగా అని ఉంటే ఎంత బాగుండేది! ఏ బస్సు ఎక్కాలో చెబుతున్నంత మామూలుగా అంది. నేను ఆఖరికి, పదిహేడు రోజుల తర్వాత, మొదటి రోజు అడగాల్సిన ఒక్క ప్రశ్న అడిగాను.

"నీకు చిన్నప్పుడు పోసిందా అక్కా?"

"ఆరేండ్లప్పుడు. గీ మచ్చ గప్పటిదే" అని ఎడమ కనుబొమ్మ మీద చూపించింది. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న మచ్చ.

గాలికొదిలేసిన డాక్టరు మాట అప్పుడు తిరిగి వచ్చింది. దాన్ని మళ్ళీ దాచుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ ఈసారి సిగ్గు విడిచి చెప్పేశాను. ఒకసారి పోసినవాళ్ళు ఇంకొకరికి తీసుకెళ్ళరట, నువ్వు నీ ఇంట్లోనే, నీ బిడ్డ దగ్గరే ఉండొచ్చట అని. నాకు ఆ సంగతి మొదటి రోజే తెలుసని కూడా చెప్పాను.

ఆమె స్టవ్ వైపు తిరిగింది. నూనె కాగింది. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసింది. ఇల్లంతా ఘాటు నిండింది. పప్పు దించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"జర ముందుగాల అడిగుంటె, పిల్లను మొదలు నేనే ఎత్తుకుంటుంటి గద మేడమ్" అని, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళింది.