కప్పు మీద లేని పేరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పొడుపు కథ విప్పలేనివాళ్ళకు శిక్ష ఉండేది. ఇంకో చాటెడు శనక్కాయలు ఒలవాలి. విత్తనం కాయలను మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలింది మొలవదు. అందుకని వానకు ముందు రోజుకొక ఇంటి పంచలో ఆడవాళ్ళంతా కుప్ప చుట్టూ కూర్చుని చేత్తో ఒలిచేవాళ్ళు. గంటల తరబడి అదే పని. బొటనవేలు మొద్దుబారుతుంది, నోరు మాత్రం ఊరుకోదు. ఒకరు కథ పొడిస్తే ఇంకొకరు విప్పాలి. విప్పలేకపోతే చాట నింపి వాళ్ళ ముందు పెట్టేవాళ్ళు. ఆ కుప్ప దగ్గర మా జేజి, అంటే మా నాయన తల్లి, చెప్పిందే చట్టం.

మాది శింగనమల దగ్గర ఒక పల్లె. తొంభైల చివరి సంవత్సరాలు. నాకు పదకొండేళ్ళు. అప్పటికి మూడేళ్ళ కిందట మా బడికి బదిలీ మీద వచ్చిన డ్రిల్లు సారుకు ఆటల పిచ్చి ఉండేది. పేపర్లో ఆటల పేజీని కత్తిరించి అట్టలకు అంటించి దాచుకునేవారు. ప్రతి శనివారం ఆఖరి పీరియడులో ఆ అట్టలు ముందు పెట్టుకొని ‘నేనెవరు?’ అని అడిగేవారు. ‘లెజెండ్’ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోట్లోనే. దానర్థం ఏమిటని అడిగితే, పేపర్లో పేరు పడి, ఆ పేపరు చినిగిపోయినంక కూడా జనం చెప్పుకునేవాళ్ళని చెప్పారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఆ ఏడు అనంతపురంలో బడి పిల్లలకు ఆటల మీద క్విజ్ పెట్టారు. మా బడికి రెండు సీట్లు. తాను శనివారం పెట్టే పరీక్షలో పదికి పది తెచ్చుకున్నవాళ్ళనే పంపుతానని సారు ముందే చెప్పేశారు. నేను అప్పటిదాకా అనంతపురం చూడలేదు. అక్కడ మెట్లు మెట్లుగా కూర్చునే పెద్ద మైదానం ఉందని విని, ఆ మెట్ల మీద ఒక్కసారి కూర్చోవాలని ఎన్ని రోజులు కలలు కన్నానో.

తొమ్మిది ప్రశ్నలు సులభంగానే రాశాను. పదోది ఇది: ‘నా చెయ్యి విరిగింది. అయినా మైదానం వదల్లేదు. చివరిదాకా నిలబడి జట్టును గెలిపించాను. నేనెవరు?’ సారు మనసులో ఉన్నది ఒక పెద్ద క్రికెట్ ఆటగాడు. నేను మాత్రం ఆలోచించకుండానే మా పక్కింటి అక్క పేరు రాసేశాను.

పక్కింటి అక్క, సారు రాకముందు, మా బడిలోనే చదివింది. ఖోఖో ఆడేది. మండల ఫైనల్లో చివరి ముగ్గురిలో ఇద్దరు ఔటయ్యాక ఆమె ఒక్కతే మిగిలింది. గుంజకు తగులుకొని పడితే మణికట్టు విరిగింది. లేచి, ఆ చెయ్యిని కడుపుకు అదుముకొని, గంట కొట్టేదాకా ఎవరికీ చిక్కకుండా పరిగెత్తింది. మా బడి ఒక్క పాయింటుతో గెలిచింది, ఆ కప్పును హెడ్మాస్టరు గదిలో పెట్టారు. ఆ చెయ్యి సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత బడి మాన్పించారు, కూలికి పోయేది. ఇదంతా మా కుప్పల దగ్గర ఏడాదికి ఒకసారైనా చెప్పుకునే కథ. అందుకే ఆ ప్రశ్న చూడగానే, సారుకు కూడా ఈ సంగతి తెలిసిందే అనుకున్నాను.

సారు నా కాగితం చూసి ఈమె ఎవరని అడిగారు. మా పక్కింటి అక్క అంటే తరగతంతా నవ్వింది. “లెజెండ్లు పక్కింట్లో ఉండరు పాపా,” అన్నారు సారు. అయినా ఆయనది మంచి మనసే. సరైన పేరు నా చెవిన వేసి, సోమవారం లోపల ఆ ఒక్క పేరు చెరిపి ఇది రాస్తే పది మార్కులు వేస్తానన్నారు. నేను చెరపను అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం సారు మా నాయనతో మాట్లాడడానికి ఇంటికే వచ్చారు. ఆ రోజు కుప్ప మా పంచలోనే. నాయన అంతా విని, “చెరిపెయ్ పాపా, ఒక పేరుకేముండాది? అనంతపురం పోయొస్తావు కదా,” అన్నాడు. పక్కింటి అక్క అక్కడే ఉంది. తల ఎత్తలేదు. ఎడమచేత్తో కాయలు చిట్లించడం మాత్రం ఆగిపోయింది.

మా జేజి సారు వైపు తిరిగింది.

“ఏమప్పా సారూ, నిలబడుకొనే మాట్లాడతావా? కూచో. అయితే ఈడ ఊరికే కూచునేది లేదు. ఒలవాల. కథ ఇప్పలేకపోతే ఇంగో చాట.”

సారు నవ్వుతూ కూర్చున్నారు. కథలు పొడవడం ఆయనకు ఇష్టమైన పని కదా. వరసగా మూడు అడిగారు, మూడూ క్రికెట్ సంగతులే. మా జేజి మూడింటికీ “నాకు తెల్దప్పా” అనేసి, ఏ మాత్రం సిగ్గుపడకుండా మూడు చాటలు నింపి తన ముందు పెట్టుకుంది. సారు ముఖం వెలిగిపోయింది.

“ఇంగ నాది ఇను. రెండు గుంజల నడుమ పరిగెత్తింది. చెయ్యి ఇరిగినా ఎవరికీ చిక్కలా. ఆమె గెలిచిన కప్పును నువ్వు దినామూ చూస్తాండావు. ఆమెను ఇప్పుడు గూడా చూస్తాండావు. ఎవరప్పా ఆ మనిషి?”

సారు కుప్ప చుట్టూ చూశారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు. అందరి జుట్టు మీదా ఒకే దుమ్ము, అందరి ఒళ్ళోనూ ఒకే పొట్టు. చాలాసేపు చూసి, పొడుగ్గా, బలంగా ఉండే మా చిన్నమ్మ వైపు వేలు చూపించారు. పంచంతా గొల్లున నవ్వింది.

“నేనా! ఎనుము తరుముకుంటేనే పరిగెత్తలేను సారూ!” అంది చిన్నమ్మ.

మా జేజి నిండు చాటను ఆయన ముందుకు తోసింది. “ఒలువు.”

ఆయన ఒలిచారు. పావు చాట అయ్యేసరికి బొటనవేలు ఎర్రబడింది. తల వంచుకొని ఒలుస్తున్నవారు ఒక్కసారి ఆగి, ఎదురుగా కూర్చున్న అక్క కుడి మణికట్టు చూశారు. అది వంకరగా ఉంది.

“నువ్వేనామ్మా?”

“నేనే సార్.”

“మరి పేపర్లో రాలేదా?”

“వచ్చింది సార్. బహుమతులిచ్చిన ముగ్గురు పెద్దమనుషుల పేర్లు వచ్చినాయి.” అక్క మళ్ళీ కాయ అందుకుంది. “పాపను చెరపనీ సార్. నా పేరు యాడా లేదు. ఇంగో కాగితంలో లేకపోతే కొత్తగా పోయేదేముండాది?”

ఆ మాటలో ఏడుపు లేదు. అందుకే అది అందరికీ తగిలింది. మా జేజి మాత్రం ఊరుకోలేదు. “నువ్వు చెప్పినోళ్ళు నాకు తెల్దు, మూడు చాటలు ఒలుస్తాండా. మా పిల్ల నీకు తెల్దు, ఒక చాట ఒలువు. తెలీకపోయేది తప్పు కాదప్పా. నీకు తెలీనోళ్ళు లెక్కలోకే రారంటే, అది తప్పు.”

సారు చాటలో ఆఖరి కాయ దాకా ఒలిచి, పొద్దు వాలేటప్పుడు లేచి వెళ్ళిపోయారు.

సోమవారం నా కాగితం, ఒక రబ్బరు నా ముందు పెట్టారు. ఆయన వేలికి గుడ్డ చుట్టి ఉంది. నేను రబ్బరును ఆయన వైపు తోసేశాను. ఆయన తొమ్మిది మార్కులే వేశారు. అక్కడ అడిగే జవాబు ఇది కాదు, నిన్ను పంపలేను అన్నారు. పదికి పది వచ్చింది క్లాసు లీడరు ఒక్కడికే, వాడు వాళ్ళ నాయనతో అనంతపురం బస్సెక్కాడు. గొప్పలు చెప్పుకోను, ఆ బస్సు వెనక లేచిన దుమ్ము చూస్తూ నేను బాగా ఏడ్చాను.

బస్సు పోయిన మధ్యాహ్నమే సారు హెడ్మాస్టరు గదిలోంచి కప్పును బయటికి తెచ్చారు. దాని మీద మా బడి పేరు, దానికంటే పెద్ద అక్షరాల్లో కప్పు ఇచ్చినవారి పేరు ఉన్నాయి. గెలిచినవాళ్ళది ఒక్క పేరూ లేదు. సారు తన జేబులోంచి కాంపాస్ తీసి నా చేతిలో పెట్టారు. ఆ ముల్లుతో కప్పు మీద మూడు అక్షరాలు గీకాను. వంకరటింకరగా వచ్చాయి. బడి సొత్తు పాడుచేశారని హెడ్మాస్టరు కేకలేస్తే, “నేనే గీకించినా సార్,” అని సారు నా ముందుకొచ్చి నిలబడ్డారు.

ఆ మెట్ల మైదానం నేను చూసింది విలేకరినయ్యాకే, చేతిలో నోటు పుస్తకంతో. ఇన్నేళ్ళుగా ఆటల వార్త ఏది రాసినా ఆడినవాళ్ళ పేర్లు ముందు రాస్తాను, ఓడిన జట్టు పేర్లతో సహా. బహుమతులు ఇచ్చినవాళ్ళను ఆఖరి లైనులో పెడతాను. చోటు చాలకపోతే పేపరు ఆఫీసు డెస్కులో కోసేది ఆఖరి లైనునే. దీనికోసం ఫోన్లు వచ్చాయి, బెదిరింపులు వచ్చాయి, ఒకసారి బదిలీ కూడా వచ్చింది. నా లైన్ల వరస మారలేదు.

ఇలాంటి జ్ఞాపకాలు రాసేటప్పుడు పేర్లు చెప్పకపోవడం మర్యాద అంటారు. అందుకే ఇంతవరకూ పక్కింటి అక్క అంటూ వచ్చాను. ఆ మర్యాద ఇక్కడితో చాలు. ఆమె పేరు సుంకమ్మ.