బ్యాటరీ మీద నిమ్మచెక్క

తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్లపాటు దూరప్రయాణాల మోటారు సైకిలు వేసుకొని నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలన్నీ తిరిగాను. బాణామతి, చేతబడి, పాము మంత్రం. ఏ ఊళ్లో ఏది నమ్మి మనుషులు చచ్చిపోతున్నారో ఆ ఊళ్లో దాని మీద మాట్లాడడం నా పని. మంత్రాలకు చింతకాయలు రాలవని చెప్పడానికి మైకు కూడా అక్కర్లేదనుకునేవాణ్ని. వాదన మొదలైతే ఎదుటివాడు ఓడిపోయేదాకా వదిలేవాణ్ని కాదు.

ఆ రోజు తిరుమలగిరిలో సభ ముగించుకొని గుట్టల దారిన వస్తూ, ఎండకు తాళలేక ఒక గొర్ల మంద దగ్గర ఆగాను. అన్నదమ్ములిద్దరు కాస్తున్నారు. అన్నది నా వయసే. తమ్ముడు కొత్తగా పెళ్లయిన పడుచువాడు. నేను వాళ్ల సీసాలో నీళ్లు తాగుతుంటే తమ్ముడు బండి చుట్టూ తిరిగి నవ్వాడు.

"గింత పెద్ద బండికి కిక్కు రాడ్ లేదేంది సారు? కొమ్ముల్లేని పొట్టేలు లెక్కుంది."

"మీట నొక్కితే సురువైతది తమ్మీ."

"నొక్కినా లేవకుంటే?"

"గప్పుడు నిన్ను పిలుస్త. తోక మెలేసి లేపుదువు."

తమ్ముడు నవ్వుతూనే పోయి దొడ్డి వల కదలకుండా పెట్టిన రాయి ఎత్తాడు. దాని కింద నాగుపాము ఉంది. పడగ ఎత్తి చేతి మీద కాటేసింది. అన్న కర్ర అందుకునేలోపే బండల సందులోకి జారిపోయింది.

"చెయ్యి కదపకు. దవాఖానకు తీస్కపోత. విరుగుడు సూదేస్తరు," అన్నాను. ఫోను తీస్తే ఆ గుట్టల మధ్య సిగ్నల్ లేదు.

అన్న ఒప్పుకోలేదు. "గుట్ట అవతల గూడెంల మంత్రమేసే పెద్దమనిషి ఉన్నడు సారు. మా బాపును గాయనే బతికిచ్చిండు."

"మీ బాపును కరిసింది విషం లేని పామై ఉంటది."

"నువ్వు జూసినవా?"

తీర్పు తమ్ముడే చెప్పాడు. "సారుతోనే పోత అన్నా. బండి మీదైతే జల్ది పోవచ్చు." వచ్చి వెనక సీటు మీద కూర్చున్నాడు.

మీట నొక్కాను. టక్కుమని ఒక్క చప్పుడు. ఇంజను తిరగలేదు.

ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు చూశాను, సరిగానే ఉంది. స్టాండు తీసే ఉంది. గేరు న్యూట్రల్లోనే ఉంది. తాళం తిప్పితే దీపాలు బాగానే వెలుగుతున్నాయి, మీట నొక్కగానే చచ్చిపోతున్నాయి. బ్యాటరీలో కరెంటు ఉంది, దారిలో ఎక్కడో ఆగుతోందని దానర్థం. దీపానికి సన్నటి ధార చాలు, ఇంజనును తిప్పే మోటారుకు వరద కావాలి. నెడదామన్నా అంతా రాళ్ల ఎగువ. అది నలుగురు ఎత్తితేగాని లేవని బండి.

తమ్ముణ్ని దింపి సీటు ఊడదీశాను. బ్యాటరీ మీద, ప్లస్ బోల్టును ఆనుకొని, కుంకుమ అద్దిన నిమ్మచెక్క ఎండి అంటుకొని ఉంది. కారిన పులుపుతో బోల్టు చుట్టూ పచ్చటి చిలుము పుట్టి, తీగ కొసను కప్పేసింది.

దసరానాడు నేను ఊళ్లో లేను. బండి కడిగించి ఆయుధపూజ చేసింది మా అమ్మ. హ్యాండిల్‌కు కడితే తెంపి పారేస్తానని తెలుసు. అందుకని నా కంటబడని జాగా వెతికింది.

అన్న వంగి చూశాడు.

"నువ్వు సుత నిమ్మకాయ పెట్టుకుంటవా సారు?"

"నేను పెట్టలే. మా అమ్మ పెట్టింది."

"అమ్మ నీ చెడు కోరి పెట్టిందా?"

"కోరి కాదు. తెల్వక పెట్టింది. గీ పులుపు వల్లనే బండి ఆగింది. జరసేపు ఓపిక పట్టు, గీకుతున్న."

"ఇంట్ల అమ్మే నీ మాట వినకపాయె. నన్నెట్ల వినమంటవు? బండి సుత పోనంటాంది. గిది మంచి శకునం కాదు."

తమ్ముడి వైపు చూశాను. అతని రెప్పలు వాలిపోతున్నాయి. ఈసారి అతను తీర్పు చెప్పలేదు. నేను పానాతో బోల్టు విప్పుతూనే వాదించాను. అన్న తమ్ముణ్ని వీపున వేసుకొని, గొంగడితో నడుముకు కట్టుకొని, గుట్ట ఎక్కసాగాడు.

చిలుము గీకి, తీగ కొస రాతి మీద రుద్ది, బోల్టు బిగించి మీట నొక్కాను. ఒక్క దెబ్బకు లేచింది. వాళ్లకు కాలిబాట ఉంది, నాకు గుట్ట చుట్టి పోయే దారే గతి.

గూడెం చేరేసరికి మంత్రగాడి వాకిట్లో తమ్ముణ్ని పడుకోబెట్టి నోట్లో వేపాకు పెడుతున్నారు. విషం ఎక్కితే చేదు తెలియదట. "చేదున్నదా? చెప్పు బిడ్డా!" అంటున్నాడు ముసలి మంత్రగాడు. అతను నమలడం లేదు. ఆకు పెదవి మీదే ఉంది. నన్ను చూడగానే మంత్రగాడు దారి ఇచ్చాడు. "తీస్కపో సారు. నా చేతులు దాటింది."

మధ్యలో తమ్ముణ్ని కూర్చోబెట్టి, వెనక అన్న పట్టుకొని, ముగ్గురం బయలుదేరాం. మొదట అతని ఊపిరి నా మెడకు తగులుతూ ఉండింది. తారురోడ్డు ఎక్కిన తర్వాత తగల్లేదు. నేను వెనక్కి తిరగలేదు. దవాఖానలో డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, గుడ్డ కప్పమన్నాడు.

అన్న వరండా గోడకు ఆనుకొని కూలబడ్డాడు. తర్వాత నన్నే ఓదార్చడం మొదలుపెట్టాడు.

"రాసిపెట్టి ఉంది సారు. నువ్వు ఫికర్ చెయ్యకు. లేకుంటే మంచిగ నడిచే బండి గప్పుడే ఎందుకాగుతది?"

"రాత కాదన్నా. నిమ్మపులుపు. తుడిస్తే సురువైంది. నువ్వు జరంత ఆగి ఉంటే..."

"గట్లనకు సారు." రెండు చేతులూ జోడించాడు. "గట్లంటే నా తమ్మున్ని నేనూ మీ అమ్మా కలిసి సంపినట్టైతది."

లోపలి నుంచి నర్సు వివరాలు రాసుకోవడానికి వచ్చింది. అతను లేవలేకపోయాడు. నేను లేచాను.

"ఎట్లయింది?"

"పాము కరిచింది."

"ఇంకేమన్న చెప్పేదుందా?"

అన్న తలెత్తి నా మొహం వైపే చూస్తున్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాను.