రంగు కింద రేకు

షెడ్డుకు వచ్చేపోయే వాళ్ళంతా అతన్ని ‘సుత్తి’ అనేవారు. మాటలతో బుర్ర తినేస్తాడని కాదు. నిజానికి అతని నోట్లోంచి ఒక మాట రాబట్టాలంటే పట్టకారు వెయ్యాల్సిందే. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇంట్లో మాత్రం అతను పెద్దోడు.

షెడ్డు అతని తండ్రిది. ముందు రోడ్డు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య రేకుల కప్పు కింద గుద్దుకున్న కార్లు, తుప్పు పట్టిన కార్లు. తండ్రిని అందరూ మేస్త్రి అనేవారు. పని వేళల్లో కొడుకులు కూడా నాన్నా అని పిలిచేవారు కాదు, మేస్త్రీ అనే పిలిచేవారు. చిన్నోడు ఇంజన్లు చూసేవాడు. పెద్దోడిది రేకు పని. నొక్కుకుపోయిన తలుపు వెనక ఇనప దిమ్మ ఆనించి, ముందు నుంచి చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, అరచేత్తో తడిమి చూసుకుంటూ, దాన్ని మళ్ళీ కొత్త తలుపులా చేసేవాడు. మిగతా షెడ్లలో సగం కొట్టి మిగతా సగం లప్పం పెట్టి పూడ్చేసేవారు. లప్పం డబ్బా చూస్తేనే పెద్దోడికి ఒళ్ళు మంట. “అది పని కాదు, మేకప్పు” అనేవాడు. అతను ఏడాది పొడుగునా మాట్లాడే మాటల్లో సగం అవే.

పని బాగుంటే మేస్త్రి ఏమీ అనడు. బాగాలేకపోతేనే నోరు తెరుస్తాడు. ఆయన నోరు తెరవకపోవడమే తనకు మెచ్చుకోలని పెద్దోడు చిన్నప్పటి నుంచీ సరిపెట్టుకున్నాడు. మరదలు రాకముందు అది సరిపోయేది కూడా.

మరదలంటే చిన్నోడి భార్య. దుకాణాల బోర్డులు రాసే ఇంట్లో పుట్టిన పిల్ల. షెడ్డులో రంగు వేసే ముసలాయనకు దగ్గు ముదిరి పని మానేసినప్పుడు, కొత్తవాడు దొరికేదాకా నేను వేస్తాను మావయ్యగారూ అని ముక్కుకు మాస్కు కట్టుకుని దిగింది. మరి కొత్తవాణ్ణి ఎవరూ వెతకలేదు. ఆమె వేసిన రంగు మీద ఈగ వాలినా జారి పడుతుందని చూసినవాళ్ళు అనుకునేవారు. కార్లు వరస కట్టడం మొదలైంది.

ఒకసారి లారీ కింద నలిగిన కారు వచ్చింది. దాని ఎడమ పక్కంతా కాగితం ఉండలా అయిపోయింది. పెద్దోడు తిండి మీద ధ్యాస లేకుండా దాన్ని మనిషిని చేశాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన యజమాని చుట్టూ తిరిగి చూసి, “అబ్బ, ఏం రంగండీ! ఎవరు వేశారు?” అన్నాడు. అప్పుడు మేస్త్రి, ఏనాడూ ఎవర్నీ మెచ్చుకోని మేస్త్రి, మీసం కింద నవ్వుతూ, “మా చిన్నకోడలండీ” అన్నాడు.

ఆ రోజు అన్నం ముందు కూర్చున్న పెద్దోడిని చూసి అతని భార్య, “ఏమైంది, మొహం అలా సొట్టబోయింది? సుత్తి తెచ్చివ్వనా?” అంది. అతను నవ్వలేదు. కడుపులో ఏదో రాజుకుంది. అప్పటి నుంచి ఎవరు రంగును పొగిడినా ఆ మంట మీద ఒక పుల్ల పడేది. తను కొట్టిన రేకును ఎవరూ చూడరు. చూడకుండా కప్పెట్టడమే ఆమె పని. ఆ కప్పెట్టినదానికే దండలు.

అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు. పాత రెండు తలుపుల కారు ఒకదాన్ని బండి మీద ఎక్కించుకొచ్చి షెడ్డు ముందు దించింది. సెలవు రోజుల్లో పందేల ట్రాకు మీద తోలడం ఆమె సరదా. “దీన్ని పరిగెత్తించాలి. పెద్ద ఇంజను, వెడల్పు టైర్లు, లోపల ఇనప గొట్టాల పంజరం. చూడ్డానికి కూడా దీనిలాంటిది ఇంకోటి ఉండకూడదు” అంది.

మేస్త్రి పెద్దోడి వైపు గడ్డం చూపించి, “మీరు పళ్ళు బాగు చేస్తారు, వీడు సొట్టలు బాగు చేస్తాడు. రెండూ నొప్పి పనులే” అన్నాడు. డాక్టరమ్మ గలగలా నవ్వింది.

వెడల్పు టైర్లు పాత మడ్‌గార్డుల్లో పట్టవు. కొత్తవి చెయ్యాలి, అదీ సాదా రేకు నుంచి. పెద్దోడికి అంతకన్నా కావలసింది లేదు. ఇసక బస్తా మీద రేకు పెట్టి చెక్క సుత్తితో లోతు తీశాడు, దిమ్మ మీద నున్న చేశాడు, కారుకు ఆనించి చూశాడు, మళ్ళీ విప్పాడు. పక్కన చిన్నోడు కొత్త ఇంజను బిగిస్తూ కూనిరాగాలు తీస్తుంటే ఇతను కూడా తెలియకుండానే తాళం కొట్టేవాడు. నాలుగు మడ్‌గార్డులూ ఉబ్బిన దవడల్లా కారుకు కుదిరాయి. చెంచాడు లప్పం లేదు. ఈసారి మాత్రం ఎవరైనా చూడకపోరు అనుకున్నాడు.

మొదట చూసింది మరదలే. రంగు వేసే ముందు ఎప్పుడూ చేసేట్టే కళ్ళు మూసుకుని, ముందు మడ్‌గార్డు మీద అరచెయ్యి మెల్లగా జరిపింది. ఒకచోట ఆగింది.

“బావగారూ, ఇక్కడ కొంచెం లోతుగా ఉన్నట్టుంది.”

“ఎక్కడ?”

“ఇదిగో, దీపం కింద. వెంట్రుకవాసే లెండి. మామూలు రంగైతే తెలియదు, ముదురు రంగు కదా, వెలుగు పడితే పట్టిచ్చేస్తుంది. కాస్త లప్పం పూస్తే సరిపోతుంది.”

ఆ మాటతో అతని చెవులు వేడెక్కాయి. తడిమి చూశాడు. నిజమే, లోతుంది. అదే అతను తట్టుకోలేకపోయింది. ఆమె తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మేస్త్రి అవతలి నుంచి కేకేశాడు. “రంగు కోడలిది. తను ఎలా చెప్తే అలా చెయ్యరా.”

లప్పం మాత్రం పెద్దోడు పెట్టనివ్వలేదు. పెదవి కొరుక్కుంటూ మళ్ళీ సుత్తి పట్టి, వెనక నుంచి ఆ వెంట్రుకవాసినీ పైకి తెచ్చాడు. ఆమె మళ్ళీ తడిమి, “ఇప్పుడు అద్దంలా ఉంది” అంది మనస్ఫూర్తిగా. అది కూడా అతనికి ఎత్తిపొడుపులాగే వినిపించింది.

రంగు వేసే రోజు ఆకాశం మూసుకుని ఉక్కపోసింది. అలాంటి రోజుల్లో, రంగు చిమ్మే గన్నుకు కంప్రెసర్ పంపే గాలిలో చెమ్మ చేరుతుంది. ఆ నీళ్ళు గన్నులోకి పోకుండా గొట్టం మధ్యలో చిన్న గాజు గిన్నె ఒకటి ఉంటుంది. అది నిండితే అడుగున మర తిప్పి వంపెయ్యాలి. కంప్రెసర్ పెద్దోడి మూలలోనే ఉంటుంది కాబట్టి ఆ పని అతనిదే. ఎవరూ అప్పగించలేదు, అలవాటైపోయింది, అంతే.

ఆ పొద్దున గిన్నె అంచుదాకా నిండి ఉంది. అతను చూశాడు. చెయ్యి మర దాకా వెళ్ళింది కూడా. పరదా అవతల మరదలు రంగు కలుపుకుంటూ మేస్త్రితో ఏదో అంటోంది, మేస్త్రి నవ్వుతున్నాడు. తన గురించి అలాంటి నవ్వు అతను ఎప్పుడూ వినలేదు.

చెయ్యి వెనక్కి తీసుకుని టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళిపోయాడు.

పొద్దున అడుగుపూత ప్రైమరు, మధ్యాహ్నం రంగు. వంకాయ రంగుకూ నలుపుకూ మధ్య, చూస్తే చల్లగా తగిలే రంగు. సాయంత్రానికి ముందు భాగమంతా చెమటకాయల్లా పొక్కులు లేచాయి. ప్రైమరు కిందనే నీళ్ళు చేరాయి మరి. మరదలు మాస్కు తియ్యడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

“గన్ను సరిగ్గా కడగలేదేమో” అన్నాడు చిన్నోడు.

“కడిగాను.”

“మరి కలపడంలో...”

“ఏమో. నేనే ఎక్కడో తప్పు చేసి ఉంటాను.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. పెద్దోడు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. కడుపులో మంట చల్లారుతుందనుకున్నాడు. చల్లారలేదు సరికదా, గొంతు దాకా వచ్చింది.

మర్నాటి నుంచి ఆమె ఉప్పుకాగితం పట్టుకుని రేకు కనబడేదాకా గోకడం మొదలెట్టింది. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. నా తప్పు నేనే దిద్దుకుంటానంది. వేళ్ళ చివర్లు పగిలి గుడ్డపీలికలు చుట్టుకుంది. పెద్దోడు ఆ వైపు వీపు పెట్టి పనిచేసుకునేవాడు. కాగితం రేకు మీద గీసే చప్పుడుకు మాత్రం వీపు పెట్టడం కుదరలేదు.

ఆ గోకుడు పూర్తవుతుండగా డాక్టరమ్మ చెప్పాపెట్టకుండా దిగింది. రంగు కోసం వచ్చిన మనిషికి ఉత్త రేకు కనిపించింది. మేస్త్రి సంజాయిషీ చెప్పబోతుంటే ఆమె వినిపించుకోకుండా మడ్‌గార్డు దగ్గర గొంతుక్కూర్చుంది. వేళ్ళ చివర్లతో, నోట్లో పన్ను తడిమినట్టు, అంచు వెంట తడుముతూ పోయింది.

“ఇందులో లప్పం ఎక్కడా లేదే! ఒకే రేకా ఇది?”

“ఒకే రేకండీ.”

“ఎవరు చేశారు?”

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. “మా పెద్దోడండీ. నా చేతికి కూడా ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదు.”

“బావగారి చెయ్యే అంతండి” అంది మూల నుంచి మరదలు, గుడ్డపీలికల వేళ్ళతో నుదురు తుడుచుకుంటూ.

బతుకంతా ఎదురుచూసిన మాట అది. నలుగురి ముందు, తండ్రి నోటి నుంచి. అది విన్న పెద్దోడు పట్టపగలు దొంగతనంలో దొరికినవాడిలా నేల చూపులు చూశాడు. అందరూ సిగ్గుపడుతున్నాడనుకున్నారు.

డాక్టరమ్మ వెళ్ళాక, మేస్త్రి ఇంట్లోకి పోయి నడుం వాల్చాక, అతను మరదలి దగ్గరకు వచ్చాడు.

“అమ్మాయ్, తప్పు నీది కాదు. ఆ రోజు గాలి గొట్టం గిన్నె నిండిపోయి ఉంది.”

“మీకెలా తెలుసు?”

“చూశాను.”

“ఎప్పుడు? పొక్కులొచ్చాకా?”

“ముందే.”

ఆమె చేతిలో కాగితం కింద పడేసింది.

“చూసి ఊరుకున్నారా?”

అతను తలూపాడు.

“ఎందుకు?”

“అందరూ నీ రంగే చూస్తారు.” బయటికి అన్నాక ఆ మాట ఎంత చిన్నపిల్లాడి మాటో అతనికే వినిపించింది.

ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. “నాకు రాత్రీ పగలూ అదే ఆలోచన బావగారూ. ఎక్కడ తప్పు చేశానా, చేతిలో పని పోయిందా అని. మా ఆయన చేత మాట పడ్డాను. పక్కనే ఉండి విన్నారు కదా!”

“మేస్త్రికి నేనే చెప్తాను.”

“వద్దు” అంది విసురుగా. “మీ మీద జాలి అనుకోకండి. ఇందాక మీ గురించి చెప్పేటప్పుడు మావయ్యగారి మొహం చూశాను. ఆ సంతోషం ఆయన దగ్గర నుంచి లాక్కోవడం నాకిష్టం లేదు. కానీ మా ఆయనకి మాత్రం ఈ రోజే చెప్పాలి. మీరే చెప్పాలి.”

చెప్పాడు. చిన్నోడు చేతిలో పానా నేలకేసి కొట్టి, నోటికొచ్చింది అనేసి, చాలాకాలం అన్నతో ముక్తసరిగానే మాట్లాడాడు. మరదలైతే అదీ లేదు. రోజూ పొద్దున్నే వచ్చి గాజు గిన్నె తనే వంపుకునేది. అతను అక్కడే ఉన్నా, లేనట్టే. ఒక రోజు మాత్రం అతని ముందు ఉప్పుకాగితం పెట్టి, “తలుపు కింది మూల మిగిలింది, రుద్దండి” అంది. పుట్టి బుద్ధెరిగి ఆ కాగితం ముట్టని మనిషి కిక్కురుమనకుండా కూర్చుని రుద్దాడు. ఆ చిన్న మూలకే వేళ్ళు మంటలెత్తాయి.

రెండోసారి రంగు పొక్కు లేకుండా నిలిచింది. ఇంజను మొదటిసారి పలికినప్పుడు కప్పు రేకులు గడగడలాడాయి, మేస్త్రి చెవులు మూసుకుని నవ్వాడు.

డాక్టరమ్మ మొదటి పందేనికి ఇంటిల్లిపాదినీ రమ్మంది. ట్రాకు పక్కన కారు చుట్టూ జనం మూగారు. “ఏం రంగురా!” అనే మాట అతనికి నాలుగు వైపుల నుంచీ వినిపించింది. ఇంత జరిగాక కూడా కడుపులో మంట మళ్ళీ లేచింది. అది పోయిందనుకున్నాడు పాపం. ఎక్కడికీ పోలేదు, అలవాటైన కుక్కలా కాళ్ళ దగ్గరకే వచ్చి పడుకుంది. కనీసం ఈసారి దాన్ని గుర్తు పట్టాడు. గొణుక్కుంటూ కాస్త దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

మూడో మలుపులో ఇంకో కారు పక్క నుంచి రాసుకుపోయింది. డాక్టరమ్మ బండి తిప్పుకుని ట్రాకు పక్కకు తెచ్చేసింది. ముందు మడ్‌గార్డు లోపలికి వంగి టైరుకు ఒరుసుకుంటోంది. పెద్దోడు అప్పటికే సుత్తి, దిమ్మ పట్టుకుని పరిగెత్తాడు. రేకు చిరగలేదు, వంగిందంతే. మోకాళ్ళ మీద కూర్చుని, పైన దిమ్మ ఆనించి, లోపలి నుంచి నాలుగు దెబ్బలు కొట్టేసరికి టైరు వదులైంది. జనం ఈసారి అతని చేతుల వైపే చూశారు. అయితే ప్రతి దెబ్బకూ రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. బండి మళ్ళీ ట్రాకు మీదికి దూసుకుపోయాక, ఆ వంకాయ రంగు పెచ్చులు నేల మీద మిగిలాయి.

మరదలు వచ్చి పక్కన నిలబడి వాటినే చూసింది.

“సంతోషంగా ఉందా బావగారూ?” అంది.

అతను అబద్ధం చెబుదామనుకున్నాడు. కుదరలేదు.

“కొంచెం” అన్నాడు.

ఆమె కొరకొరా చూసింది. ఆ చూపు ఎంతోసేపు నిలవలేదు. ముందు ముక్కులోంచి, తరవాత నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. చాలా రోజుల తరవాత అతనికేసి చూసి నవ్వడం అదే.

“ఈసారి గోకేది మాత్రం మీరే” అంది.

“సరే.”

“మొత్తం.”

“సరేనన్నానుగా” అని పెద్దోడు పెచ్చులు ఏరడానికి వంగాడు.